స్టార్టర్ దగ్గర కాపలా: నత్రజని జన్యువులను బాక్టీరియా ఎలా కట్టేస్తుంది

(గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి.

బోర్డు మీద నా ప్రసంగం పేరు చాలా పెద్దగా రాశారు. ‘నత్రజని స్థాపన జన్యువుల నియంత్రణలో ప్రొటీన్ల పరస్పర చర్య’ అని. అది చదివి ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో ‘యూరియా గురించేలే’ అన్నారు. నాకు వినపడింది. ఆయన అన్నది సగం నిజమే, కాబట్టి యూరియాతోనే మొదలుపెడతాను.

యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే సుమారు 21 కిలోలు. దానికోసం డిపో ముందు ఆధార్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడతాం. ఇప్పుడు తలెత్తి పైకి చూడండి. గాలిలో 78 శాతం నత్రజనే. ఒక ఎకరం పొలం మీద ఆకాశం దాకా ఉన్న గాలిని లెక్కగడితే అందులో 30 వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. పైరు ఆ గాలిలోనే నిలబడి నత్రజని లేక పసుపు రంగుకు తిరుగుతుంది. సముద్రం మధ్యలో పడవవాడికి దాహం వేసినట్టు.

కారణం మీలో చాలామంది పుస్తకంలో చదివిందే. గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి జంటగా ఉంటాయి, వాటి మధ్య మూడు బంధాలు. ఆ ముడి విప్పితే తప్ప అమోనియా రాదు. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో దాన్ని ప్రయోగశాలలో విప్పి చూపించాడు. కార్ల్ బాష్ 1913 కల్లా ఓపావ్ అనే చోట ఫ్యాక్టరీ నడిపించాడు. 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలి పీడనానికి రెండు వందల రెట్ల ఒత్తిడి. ఇప్పటికీ మన యూరియా వెనక ఉన్నది ఆ పద్ధతే.

ఆ ఫ్యాక్టరీ చేసే పనినే మీ చేలో మట్టిలో ఉన్న కొన్ని బాక్టీరియాలు పొయ్యి లేకుండా, ఒత్తిడి లేకుండా, మామూలు వాతావరణంలో చేసేస్తాయి. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోంచి అలాంటి బాక్టీరియాను 1888లో హాలండ్‌లో బైయరింక్ వేరుచేశాడు. 1901లో ఆయనే మొక్కతో సంబంధం లేకుండా మట్టిలో స్వతంత్రంగా బతికే అజోటోబాక్టర్‌ను కూడా వర్ణించాడు. ఇవాళ నేను ఎక్కువగా చెప్పేది ఈ అజోటోబాక్టర్ గురించే. జీవన ఎరువుల ప్యాకెట్ల మీద ఈ పేరు మీరు చూసే ఉంటారు.

బాక్టీరియాకు ఈ పని ఉచితంగా అవుతుందని మాత్రం అనుకోకండి.

పని చేసే ఎంజైమ్ పేరు నైట్రోజినేజ్. ఒక్క నత్రజని అణువును రెండు అమోనియాలుగా మార్చడానికి కనీసం 16 ఏటీపీలు ఖర్చవుతాయి. ఏటీపీ అంటే కణానికి చేతిఖర్చు డబ్బు లాంటిది. దానికి తోడు ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలి. అందులో రెండు హైడ్రోజన్ వాయువుగా గాల్లో కలిసిపోతాయి, అదొక నష్టం. పోనీ చురుగ్గా చేస్తుందా అంటే అదీ లేదు. ఎంజైముల్లో కొన్ని సెకనుకు లక్షల అణువులను మారుస్తాయి. నైట్రోజినేజ్ సెకనుకు నాలుగైదు మారిస్తే గొప్ప. కూలీ నెమ్మదస్తుడైతే కూలీల సంఖ్య పెంచాలి కదా. అందుకే ఈ పని పూర్తిగా నడుస్తున్న కణంలో మొత్తం ప్రొటీన్‌లో పదో వంతు దాకా నైట్రోజినేజే ఉండొచ్చు. ఆ ప్రొటీన్‌ను తయారు చేయడానికి కూడా నత్రజని కావాలి. ఏనుగును ఇంటి ముందు కట్టేసుకోవడమంటే ఇదే.

అన్నిటినీ మించిన ఇబ్బంది ఇంకోటి ఉంది. నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ తగిలితే చచ్చిపోతుంది. కాసేపు సొమ్మసిల్లి మళ్లీ లేవడం కాదు, ఇక పనికిరాదు. అందులో ఇనుము, గంధకం కలిసిన భాగాలు ఉంటాయి, అవి ఆక్సిజన్‌తో చెడిపోతాయి. అజోటోబాక్టరేమో ఆక్సిజన్ పీల్చకుండా బతకలేని జీవి. కాబట్టి అది ఏం చేస్తుందంటే, లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ను వచ్చింది వచ్చినట్టే కాల్చేస్తుంది. జీవరాశుల్లో అంత వేగంగా ఊపిరి తీసేవి చాలా తక్కువ. అయినా ఒక్కోసారి ఆక్సిజన్ మీద పడితే షెత్నా ప్రొటీన్ అని ఒకటి వచ్చి నైట్రోజినేజ్‌ను అతుక్కుని కాపాడుతుంది. షెత్నా అన్నది దాన్ని కనిపెట్టిన పరిశోధకుడి ఇంటిపేరు.

కాబట్టి పిల్లలూ, నత్రజని జన్యువులు ఉండటమే గొప్ప అని నేననుకోను. చుట్టూ అమోనియా దొరుకుతుంటే, లేదా ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే, లేదా చేతిలో ఏటీపీ లేకపోతే, ఆ జన్యువులను నడిపిన బాక్టీరియా పక్కనున్న బాక్టీరియా కంటే వెనకబడుతుంది, కొన్ని తరాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని అది మొదలుపెట్టడం కంటే ఆపడం మీదే ఎక్కువ తెలివి పెట్టింది. ఇవాళ చెప్పేదంతా ఆ ఆపే పద్ధతి గురించే.

కొంచెం చరిత్ర. 1972లో ఇంగ్లండ్‌లో సస్సెక్స్ యూనివర్సిటీలో రే డిక్సన్, జాన్ పోస్ట్‌గేట్ ఇద్దరూ క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలోని నత్రజని జన్యువులను తీసుకెళ్లి ఈ-కోలైలోకి ఎక్కించారు. ఈ-కోలై అంటే మన పేగుల్లో ఉండేదే, గాలి నత్రజనితో దానికి ఏ సంబంధమూ లేదు. ఆ జన్యువులు చేరాక అదీ నత్రజనిని స్థాపించింది. అంటే ఈ పనికి కావలసిన జన్యువులు చెల్లాచెదురుగా లేవు, ఒక మూటగా కట్టి ఉన్నాయని తేలింది. సరిగ్గా అదే ఏడాది మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. రెండింటికీ సంబంధం లేదు లెండి, నాకు ఆ ఏడాది గుర్తుండటానికి అదొక ఆనవాలు. తర్వాత పది పదిహేనేళ్లలో ఆ మూట విప్పి చూశారు. క్లెబ్సియెల్లాలో 24 వేల అక్షరాల డీఎన్ఏలో ఇరవై జన్యువులు వరసగా ఉన్నాయి. వీటిని నిఫ్ జన్యువులు అంటారు. ఆ ఇరవైలో రెండింటిని మాత్రం గుర్తుపెట్టుకోండి, నిఫ్‌ఏ, నిఫ్‌ఎల్. వాటి నుంచి తయారయ్యే ప్రొటీన్లనూ అవే పేర్లతో పిలుస్తాను. మిగతావి ఈ రెండు ఆడించినట్టు ఆడతాయి.

రైతులకు నేను జీవశాస్త్రం భాషలో చెబితే నిద్రొస్తుంది. మీ బోరు దగ్గర త్రీఫేజ్ మోటారు ఉంది కదా. మోటారు నడవాలంటే స్టార్టర్ ఉండాలి. స్టార్టర్ పక్కనే చిన్న డబ్బా ఒకటి బిగిస్తారు, ప్రివెంటర్. మూడు ఫేజుల్లో ఏ ఒక్కటి పోయినా అది స్టార్టర్‌ను పడగొట్టేస్తుంది. అది లేకపోతే మోటారు కాలిపోయి వైండింగ్ షాపులో తేలుతుంది. మన కథలో మోటారు నైట్రోజినేజ్. స్టార్టర్ నిఫ్‌ఏ. ప్రివెంటర్ నిఫ్‌ఎల్.

ముందు స్టార్టర్ సంగతి. జన్యువును చదవడానికి ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే యంత్రం డీఎన్ఏ మీద వచ్చి కూర్చోవాలి. ఎక్కడ కూర్చోవాలో చెప్పేది దానికి తగిలించిన సిగ్మా అనే ముక్క. మామూలు జన్యువులకు వాడే సిగ్మా అయితే, కూర్చోగానే డీఎన్ఏ పేటలు తనంతట తానే విప్పుకుని చదవడం మొదలవుతుంది. నిఫ్ జన్యువులకు వాడేది సిగ్మా 54 అనే వేరే రకం. దానితో వచ్చిన యంత్రం జన్యువు మొదలుకు పన్నెండు, ఇరవై నాలుగు అక్షరాల వెనక ఉన్న గుర్తుల మీద సరిగ్గా కూర్చుంటుంది, కానీ పేటలు విప్పలేదు. తాళం వేసిన గేటు ముందు బండి ఆపుకుని కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఎవరో వచ్చి తాళం తియ్యాలి. తీసేది నిఫ్‌ఏ.

తమాషా ఏంటంటే నిఫ్‌ఏ గేటు దగ్గర ఉండదు. అక్కడికి సుమారు వంద అక్షరాల అవతల తన గుర్తు పట్టుకుని నిలబడుతుంది. మరి తాళం ఎలా తీస్తుంది? మధ్యలో డీఎన్ఏ తాడు వంగుతుంది. ఆ వంపు తేవడానికే ఇంకో ప్రొటీన్ మధ్యలో కూర్చుని డీఎన్ఏను మడుస్తుంది. ఒక చివరన ఉన్న నిఫ్‌ఏ రెండో చివరన ఉన్న యంత్రాన్ని తాకుతుంది. తాకి, ఏటీపీ ఖర్చుపెట్టి సిగ్మాను పక్కకు జరుపుతుంది. అప్పుడు పేటలు విడిపోతాయి, చదవడం మొదలవుతుంది.

ఇలా పెట్టుకోవడం వల్ల బాక్టీరియాకు ఒక లాభం ఉంది. తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉంటే, ఆ ఒక్క చెయ్యి పట్టుకుంటే చాలు అన్నీ ఆగిపోతాయి. ఆ చెయ్యి పట్టుకునేదే నిఫ్‌ఎల్.

ఈ రెండు జన్యువులూ డీఎన్ఏ మీద పక్కపక్కనే ఉంటాయి. ముందు నిఫ్‌ఎల్, దాని వెనకే నిఫ్‌ఏ. క్లెబ్సియెల్లాలో రెంటి తయారీకి ముడి కూడా వేసి ఉంది. మొదటిదాన్ని తయారుచేస్తే గాని రెండోది సరిగ్గా తయారవదు. స్టార్టర్ కొంటే ప్రివెంటర్ కూడా కట్టబెట్టే షాపు అన్నమాట.

నిఫ్‌ఎల్ అక్షరక్రమం చదివినప్పుడు శాస్త్రవేత్తలు మొదట పొరబడ్డారు. పొరబడటంలో వాళ్ల తప్పేం లేదు. బాక్టీరియాలో వార్తలు చేరవేసే ప్రొటీన్లు చాలా ఉన్నాయి. బయట ఏదో జరిగితే ఒక ప్రొటీన్ తనలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ ఒకటి పెట్టుకుని, దాన్ని రెండో ప్రొటీన్‌కు అందిస్తుంది. చీటీ రాసి పంపడం లాంటిది. నిఫ్‌ఎల్ చూడటానికి అచ్చం ఆ చీటీలు పంపే కుటుంబంలోదే. సరే, ఇది కూడా నిఫ్‌ఏకు చీటీ పంపుతుందనుకున్నారు. ఎంత వెతికినా ఫాస్ఫేట్ కనపడలేదు. అజోటోబాక్టర్ నిఫ్‌ఎల్‌లో ఆ హిస్టిడిన్ ఉంది, క్లెబ్సియెల్లాలో ఉండాల్సిన చోట అదీ లేదు. చివరికి 1994లో అజోటోబాక్టర్‌లో ఆ హిస్టిడిన్‌ను తీసేసి వేరేవి పెట్టి చూశారు. నిఫ్‌ఎల్ తన పని తాను చేసుకుపోయింది! పోస్ట్‌మాన్ ఖాకీ చొక్కా తొడుక్కున్న కాపలాదారు అన్నమాట. ఉత్తరాలు పంచదు. వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, అంతే.

నిజంగా పట్టుకుంటుందని ఎలా తెలుసుకున్నారు? దీనికి ఒక ముచ్చటైన పద్ధతి ఉంది, 1989లో వచ్చింది. ఈస్ట్ కణంలో ఒక జన్యువును నడిపే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఒక ముక్క డీఎన్ఏను పట్టుకోగలదు, రెండో ముక్క జన్యువును నడపగలదు. విడివిడిగా రెండూ పనికిరావు. ఇప్పుడు ఒక ముక్కకు నిఫ్‌ఎల్‌ను, రెండో ముక్కకు నిఫ్‌ఏను అతికించి ఈస్ట్‌లో వదులుతారు. ఇవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటే, వాటితో పాటు ఆ ముక్కలూ దగ్గరికొచ్చి ఈస్ట్ జన్యువు నడుస్తుంది. రంగు వస్తుంది, లేదా ఈస్ట్ పెరుగుతుంది. పట్టుకోకపోతే ఏమీ జరగదు. వధూవరుల చేతులు కలిస్తేనే బల్బు వెలిగే ఏర్పాటు చేసినట్టు. 1999లో అజోటోబాక్టర్ జంటను ఇలా పెట్టి చూశారు. వెలిగింది. శుద్ధి చేసిన ప్రొటీన్లతో పరీక్షనాళికలో చేసిన పనులూ అదే చెప్పాయి.

ఇక అసలు విషయం. ప్రివెంటర్ మూడు ఫేజులు చూస్తుందన్నాను. నిఫ్‌ఎల్ చూసే మూడూ ఏమిటి?

మొదటిది ఆక్సిజన్. నిఫ్‌ఎల్ తల భాగంలో ఫ్లేవిన్ అనే చిన్న అణువు కూర్చుని ఉంటుంది. ఇది బీ2 విటమిన్ నుంచి తయారయ్యేదే. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంది, చూసే ఉంటారు. ఆ పసుపే ఇది. అందుకే శుద్ధి చేసిన నిఫ్‌ఎల్ సీసాలో పసుపుగా కనపడుతుంది. ఎలక్ట్రాన్లు అందితే ఆ రంగు పోతుంది, ఆక్సిజన్ తగిలితే మళ్లీ పసుపు. పసుపుగా ఉన్నంతసేపూ నిఫ్‌ఎల్ వెళ్లి నిఫ్‌ఏను పట్టుకుంటుంది. క్లెబ్సియెల్లాలో దీనికి ఇంకో ఏర్పాటు ఉంది. ఆక్సిజన్ లేనప్పుడు నిఫ్‌ఎల్ కణం పొర దగ్గరికి పోయి అక్కడ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది. నిఫ్‌ఏ కణం మధ్యలో ఒంటరిగా మిగులుతుంది. కాపలావాడు టీ కొట్టుకు పోతే ఇంట్లో పని జరిగిపోయినట్టు.

రెండోది ఏటీపీ నిల్వ. ఏటీపీ ఖర్చయితే ఏడీపీ మిగులుతుంది. నిఫ్‌ఎల్ చివరి భాగం ఆ ఏడీపీని పట్టుకుంటుంది. అది పట్టుకున్నాక నిఫ్‌ఏ మీద పట్టు ఇంకా బిగుస్తుంది. జేబులో చిల్లర తప్ప ఏమీ లేనప్పుడు పదహారు ఏటీపీల పని పెట్టుకోవద్దని దాని అర్థం. పోస్ట్‌మాన్ చొక్కా అన్నాను కదా, ఆ కుటుంబంలో ఏటీపీ పట్టుకుని చీటీ రాసే భాగాన్ని ఇది ఇలా వేరే పనికి పెట్టుకుంది. నాకు ఈ వివరం చాలా ఇష్టం. పాత చీరతో బొంత కుట్టుకున్నట్టుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైంది, నత్రజని. ఇక్కడ ఇంకో ప్రొటీన్ వస్తుంది, జీఎల్ఎన్‌కే. దీని కుటుంబాన్ని పీ-టూ ప్రొటీన్లంటారు. బాక్టీరియా ప్రపంచంలో నత్రజని జమాఖర్చులు చూసే గుమాస్తాలు వీళ్లే. మూడు ప్రొటీన్లు కలిసి ఒక దిమ్మలాగా ఉంటుంది, ఒక్కోదాంట్లోంచి ఒక ఉచ్చులాంటి కొస బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కణంలో నత్రజని కొరతగా ఉంటే ఇంకో ఎంజైమ్ వచ్చి ఆ కొసలకు యూఎంపీ అనే ముక్కను తగిలిస్తుంది. ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టు. చిక్కం ఉన్నంతసేపూ జీఎల్ఎన్‌కే దేన్నీ కరవలేదు. నత్రజని సమృద్ధిగా ఉంటే కణంలో గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం పెరుగుతుంది, ఆ ఎంజైమే చిక్కం ఊడదీస్తుంది. చిక్కం ఊడిన జీఎల్ఎన్‌కే వచ్చి నిఫ్‌ఎల్‌ను పట్టుకుంటుంది. పట్టుకుని ఏం చేస్తుంది? నిఫ్‌ఏను వదలకుండా నిఫ్‌ఎల్‌ను బలపరుస్తుంది. అంటే అమోనియా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని వరసగా ముగ్గురు. జీఎల్ఎన్‌కే, నిఫ్‌ఎల్, నిఫ్‌ఏ. పిల్లల రైలాట.

మరి వదిలించుకోవడం ఎలా? నిఫ్‌ఏ కూడా ఊరికే లేదు. దానికీ ఒక చెవి ఉంది. కణంలో టూ-ఆక్సోగ్లుటరేట్ అనే పదార్థం ఉంటుంది. అమోనియాను కలుపుకోవడానికి కావలసిన కార్బన్ దినుసు అది. అన్నం వండి పెట్టుకుని పప్పు లేక కూర్చుంటే అన్నం గిన్నెలో అలాగే మిగిలిపోతుంది కదా. అలాగే నత్రజని లేకపోతే టూ-ఆక్సోగ్లుటరేట్ మిగిలిపోతుంది. అది పెరిగి నిఫ్‌ఏ మొదటి భాగంలో చేరిందంటే, ఏడీపీ బిగించిన నిఫ్‌ఎల్ పట్టులోంచి కూడా నిఫ్‌ఏ జారుకోగలదు. కానీ ఆక్సిజన్ ఉండి నిఫ్‌ఎల్ పసుపుగా ఉంటే మాత్రం జారుకోలేదు. చూడండి ఎంత లెక్కో! తిండి తక్కువైతే కొంత సాహసం చెయ్యొచ్చు, ప్రాణం పోయేచోట మాత్రం కుదరదు.

క్లెబ్సియెల్లాలో కథ ఇలాగే ఉంటుందనుకుంటే దెబ్బతింటాం. అక్కడ అదే జీఎల్ఎన్‌కే తిరగేసి పనిచేస్తుంది. నత్రజని కొరతగా ఉన్నప్పుడు వచ్చి నిఫ్‌ఎల్ చేతిలోంచి నిఫ్‌ఏను విడిపిస్తుంది. ఒకింట్లో తగువు బిగించే మనిషే ఇంకో ఇంట్లో మధ్యవర్తి. పైగా క్లెబ్సియెల్లాలో ముందు ఇంకో గేటు ఉంది. నత్రజని కొరత లేనంతవరకూ నిఫ్‌ఎల్, నిఫ్‌ఏ రెండిటి తయారీయే మొదలవదు. అజోటోబాక్టర్‌లో ఆ ముందు గేటు లేదు, అందుకని భారమంతా ఈ జంట పట్టు మీదే పడింది. పరీక్షలో ఈ తేడా అడుగుతారు, రాసుకోండి. నా క్లాసులో సగం మంది దీన్ని తారుమారు చేసి రాసేవాళ్లు. నేనూ ఒకసారి బోర్డు మీద తారుమారు చేశాను, ఒకమ్మాయి లేచి దిద్దింది.

తప్పుల మాట వచ్చింది కాబట్టి నాదే ఇంకోటి చెబుతాను. చదువుకునే రోజుల్లో అజోటోబాక్టర్ పెంచి నైట్రోజినేజ్ కొలవమన్నారు. కొలిచే పద్ధతి తెలుసా? అసిటిలీన్ వాయువు ఇస్తారు. నైట్రోజినేజ్ దాన్ని ఇథిలీన్‌గా మారుస్తుంది. నత్రజనిలాగే అసిటిలీన్‌లోనూ మూడు బంధాలు ఉన్నాయి, ఎంజైమ్ మోసపోతుంది. ఎంత ఇథిలీన్ వచ్చిందో యంత్రంలో కొలిస్తే చాలు. మామిడికాయల గంపలో కార్బైడ్ పెడితే వచ్చేది ఈ అసిటిలీనే, చెట్టు తనంతట తాను కాయను మగ్గబెట్టడానికి వాడేది ఇథిలీన్. కార్బైడ్ వాడకూడదని చట్టం ఉంది, అది వేరే సంగతి. సరే, నా సీసాల్లో బాక్టీరియా చక్కగా పెరిగింది. అసిటిలీన్ ఇచ్చాను. ఇథిలీన్ సున్నా. మూడు రోజులు టెన్షన్‌తో తిండి సరిగ్గా తినలేదు. నాలుగో రోజు మా సీనియర్ ఒకాయన నా నోట్సు తిరగేసి ‘ఏమయ్యా, మీడియంలో ఇది ఎందుకు వేశావు’ అన్నారు. ఈ-కోలై కోసం రాసుకున్న పేజీ చూసి అమోనియం క్లోరైడ్ కలిపేశాను. ఎదురుగా అమోనియా పెట్టి నత్రజని స్థాపించమంటే ఎందుకు స్థాపిస్తుంది? ఆ మూడు రోజులూ నా సీసాల్లో జీఎల్ఎన్‌కే, నిఫ్‌ఎల్, నిఫ్‌ఏ ఆ రైలాట ఆడుకుంటున్నాయి. అప్పటికి నాకు ఆ పేర్లు తెలియవు.

ఇప్పటిదాకా చెప్పింది కొత్తగా ఎంజైమ్ తయారుకాకుండా ఆపడం. మరి ముందే తయారైపోయి ఉన్న నైట్రోజినేజ్ మాటేమిటి? వాన పడి, లేదా మీరు యూరియా చల్లి, ఒక్కసారిగా అమోనియా వచ్చిపడితే? తయారీ ఆపినా ఉన్న ఎంజైమ్ ఏటీపీలు తింటూనే ఉంటుంది. అజోస్పిరిల్లం అనే ఇంకో నత్రజని బాక్టీరియా దీనికి వేరే ఉపాయం పట్టింది. డ్రాట్ అనే ఎంజైమ్ వచ్చి నైట్రోజినేజ్‌లోని ఇనుము ప్రొటీన్‌కు ఒక పెద్ద ముక్కను అతికిస్తుంది, దాంతో అది నిమిషాల్లో ఆగిపోతుంది. అమోనియా అయిపోగానే డ్రాగ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ ముక్క తీసేస్తుంది, మళ్లీ నడుస్తుంది. తీసేవాడు పక్కనే తిరుగుతుంటే అతికించి ఏం లాభం? అందుకని అమోనియా ఉన్నంతసేపూ డ్రాగ్‌ను పొర దగ్గర కట్టేస్తారు. కట్టేసేది ఎవరనుకున్నారు? మళ్లీ ఆ పీ-టూ కుటుంబమే. కణం పొరలో అమోనియా లోపలికొచ్చే గొట్టాలు ఉంటాయి, మూడేసి కలిపి. ఈ-కోలైలో జీఎల్ఎన్‌కే తన మూడు కొసలనూ ఆ మూడు గొట్టాల్లో దూర్చి బిరడా వేసినట్టు మూస్తుంది. 2007లో ఆ జంట స్ఫటికం ఫొటో వచ్చింది. అంత పొందికగా ఉంటుందని ఎవరూ ఊహించి ఉండరు. అజోస్పిరిల్లంలో ఆ గుమాస్తా గొట్టం దగ్గరికి పోతూ పోతూ డ్రాగ్‌ను కూడా చంకన పెట్టుకుపోతుంది.

వేరుశనగ, కంది, పెసర బుడిపెల్లో ఉండే రైజోబియంల దారి వేరు. అక్కడ నిఫ్‌ఎల్ లేదు. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం మొక్క రైజోబియంలో ఫిక్స్‌ఎల్ అని ఒకటుంది, దానిలో మన రక్తంలో ఉండే హీమ్ ఉంటుంది. ఆక్సిజన్ హీమ్ మీద కూర్చుంటే ఊరుకుంటుంది, లేకపోతే నిజంగానే చీటీ రాసి పంపుతుంది, నిఫ్‌ఏ తయారీ మొదలవుతుంది. చాలా రైజోబియంల నిఫ్‌ఏ తానే ఆక్సిజన్‌కు చెడిపోయే రకం, కాబట్టి దానికి వేరే కాపలా అక్కర్లేదు. బుడిపెలో ఆక్సిజన్‌ను అదుపులో పెట్టే బాధ్యత మొక్క తీసుకుంటుంది. స్థాపించిన నత్రజని కూడా మొక్కకే పోతుంది. అజోటోబాక్టర్ మాత్రం తన కడుపు కోసం స్థాపించుకుంటుంది. చచ్చి మట్టిలో కలిస్తే మనకు కొంత దక్కుతుంది, అంతే.

నా ప్రసంగం ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(విద్యార్థిని: సార్, నిఫ్‌ఎల్‌ను తీసేస్తే అజోటోబాక్టర్ ఆగకుండా అమోనియా తయారుచేస్తుంది కదా, పైరుకు అదే వాడొచ్చుగా?)

చేసి చూశారమ్మా. 1992లో నిఫ్‌ఎల్ పనిచేయని అజోటోబాక్టర్‌ను తయారుచేశారు. నువ్వన్నట్టే అది అమోనియాను బయటికి వదిలింది. చిక్కేమిటంటే, ముందే చెప్పాను, అలాంటిది ఖర్చు తట్టుకోలేదు. పెంచుతూ పోతే ఏదో ఒక కణంలో మళ్లీ మార్పు వచ్చి, ఆ జోరు తగ్గిన కణమే మిగతావాటిని మించి పెరుగుతుంది. పొలంలో అయితే పక్క బాక్టీరియాల పోటీ కూడా. అయినా వదిలెయ్యలేదు. అమెరికాలో మొక్కజొన్న వేళ్ల మీద బతికే బాక్టీరియాలో నిఫ్‌ఎల్ తీసేసి రైతులకు అమ్ముతున్నారు కూడా. నా అభిప్రాయం అడిగితే, ప్రివెంటర్‌ను పూర్తిగా పీకేయడం కంటే అది అమోనియాను మాత్రం పట్టించుకోకుండా, ఆక్సిజన్‌ను పట్టించుకునేలా మార్చడం మంచిది. నిఫ్‌ఏలో ఒకటి రెండు అక్షరాలు మారిస్తే నిఫ్‌ఎల్ పట్టు కొంత తప్పించుకునే రకాలు దొరికాయి. నువ్వు ఎమ్మెస్సీ చేస్తే అటు చూడు.

(రైతు: అయ్యా, మేము వరికి అజోస్పిరిల్లం ప్యాకెట్ వేస్తున్నాం, పైన యూరియా కూడా వేస్తున్నాం. మరి దండగేనా?)

పూర్తిగా దండగ అనను. అజోస్పిరిల్లం వేళ్ల దగ్గర ఆక్సిన్ అనే పెరుగుదల పదార్థాన్ని తయారుచేస్తుంది, వేళ్లు బాగా పాకుతాయి, ఆ మేలు యూరియా ఉన్నా ఉంటుంది. నత్రజని మాత్రం అమోనియా నిండుగా ఉన్న మట్టిలో ఇవ్వదు. డ్రాట్ వచ్చి బిగించేస్తుంది అన్నాను కదా. రెంటినీ కలిపి ఒకేసారి చల్లకండి. ప్యాకెట్‌ను మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి ఉన్నప్పుడు, సాయంత్రం పూట చల్లండి. యూరియా ఒక్కసారే కాకుండా విడతలుగా వేసుకోండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, ఎండలో పెట్టిన దుకాణంలో కొనకండి. లోపల ఉన్నవి బతికి ఉంటేనే కదా ఈ నియంత్రణ గోలంతా.

(రైతు: వేరుశనగకు?)

దానికి రైజోబియం. బెల్లం నీళ్లలో కలిపి విత్తనాలకు పట్టించి నీడలో ఆరబెట్టి వెయ్యండి. పట్టిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. ఆ కిటికీ పక్క బల్ల మీద ఈ ఉదయం మీ చేలోంచే పీకిన నాలుగు వేరుశనగ మొక్కలు పెట్టించాను, పక్కన బ్లేడు ఉంది. వేరు మీద బుడిపె ఒకటి తీసుకుని అడ్డంగా కొయ్యండి. లోపల గులాబీ రంగుగా ఉంటే అక్కడ ఆక్సిజన్ అదుపులో ఉన్నట్టు, లోపల నిఫ్‌ఏ తాళం తీసి ఉన్నట్టు. ఆకుపచ్చగా, బూడిదరంగుగా ఉంటే అది పని మానేసిన బుడిపె. పిల్లలూ, తోసుకోకండి, ముందు పెద్దవాళ్లను కొయ్యనివ్వండి. బ్లేడు జాగ్రత్త.